చేపలు బతికితే నీళ్లు మంచివేనా?

అక్వేరియం రొయ్యలు ఉన్నట్టుండి చనిపోతే అది రోగమేనని, తొట్టిలో చేపలు బాగుండడమే నీళ్లు మంచివనడానికి రుజువని మీ వ్యాసంలో రాశారు. ఆ రుజువు చెల్లదు. రొయ్య చుట్టరికం పురుగులతో, చేపలతో కాదు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు టమాటాకు కొట్టే పురుగుమందు మేతగా వేసే పాలకూర మీద రవ్వంత మిగిలినా చాలు. చేప తట్టుకునే ఆ మోతాదుకే రొయ్య వెల్లకిలా పడి కాళ్లు కొట్టుకుంటుంది. చేపల తెల్లమచ్చలకు వేసే రాగి మందూ అంతే. రొయ్య రక్తంలోనే రాగి ఉంది కదా అంటారేమో; కూరకు ఉప్పు కావాలని దోసెడు పోస్తామా? నీళ్లు మార్చిన మర్నాడే చావులు మొదలైతే ముందు చూడాల్సింది కుళాయి నీటిలో క్లోరిన్, బోరు నీటి గట్టిదనం, తొట్టిలో అమ్మోనియా. రోగం మాట ఆ తర్వాతే. దయచేసి సవరణ వేయండి.

– ఒక పాఠకుడు, పుంగనూరు