మన నెత్తురు చెప్పిన మాట మన నుడిలో మనకు చేరాలి

నుడి హక్కు అనగానే మనకు బడి, పాఠ్యపుస్తకం, పరీక్షాపత్రం గుర్తుకు వస్తాయి. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం ఒకటో తరగతి మొదలుకొని అంచెలంచెలుగా తమిళాన్ని తప్పనిసరి చేసిన నాటి నుండి మన ఆందోళన ప్రధానంగా బడి చుట్టూనే నడిచింది. ఆ ఆందోళన అవసరమే. అయితే ఈ నెల నేను ఆసుపత్రి గురించి రాయదలచాను. వైద్యంలో పైచదువులు, జీవవైద్య పరిశోధనలు కోవిల్‌పట్టి, విరుదునగర్ ప్రాంతపు తెలుగు కుటుంబాలకు ఎంత దగ్గరగా వచ్చాయో, మన నుడి వాటికి ఎంత దూరాన ఉండిపోయిందో గమనించవలసి ఉన్నది.

ఒకప్పుడు మనకు వైద్య కళాశాల అంటే 1954లో వెలసిన మదురై, 1965లో వెలసిన తిరునెల్వేలి. తూత్తుకుడిలో 2000లో కళాశాల వచ్చింది. విరుదునగర్ ప్రభుత్వ వైద్య కళాశాల 2022 జనవరి 12న ప్రారంభమైంది. ఎం.డి., ఎం.ఎస్. చదివేవారు మూడేళ్లలో ఒక పరిశోధన వ్యాసం సమర్పించాలి. అందులో మూడు నెలలు జిల్లా స్థాయి ఆసుపత్రులలో పనిచేయాలి. అంటే మన అవ్వల దగ్గు, మన పిల్లల రక్తహీనత, మన ఇళ్ల వ్యాధి చరిత్రలే ఆ యువవైద్యులకు పాఠ్యాంశాలు.

ఆ పరిశోధనలు ఏమి చెబుతున్నాయి? 2009లో మదురై కామరాజ్ విశ్వవిద్యాలయం, హైదరాబాదులోని సి.సి.ఎం.బి. తదితర సంస్థల శాస్త్రజ్ఞులు కలిసి ఒక సంగతి ప్రకటించారు. నడివయసు దాటాక గుండె కండరాన్ని దెబ్బతీయగల ఒక జన్యులోపం ఈ ఉపఖండంలో సుమారు నూటికి నలుగురిలో ఉన్నది. 2017లో సి.సి.ఎం.బి., హార్వర్డ్ శాస్త్రజ్ఞులు మరో అడుగు వేశారు. దక్షిణాసియాలోని 260కి పైగా సమూహాలను పరిశీలించగా, 81 సమూహాలు చాలా కొద్దిమంది మూలపురుషుల సంతతి అని తేలింది. ఆ కొద్దిమందిలో ఏ ఒక్కరిలో లోపం ఉన్నా, తమలో తామే పెళ్లిళ్లు చేసుకునే సమూహంలో అది తరతరాలుగా పేరుకుపోతుంది. ఆర్యవైశ్యులలో తరచుగా కనబడే ఒక ఎంజైము లోపం ఇందుకు ఉదాహరణ. అది ఉన్నవారికి శస్త్రచికిత్స వేళ సక్సినైల్‌కోలీన్ అనే మందు ఇస్తే, నిమిషాలలో తీరవలసిన కండరాల బిగువు సడలింపు గంటల తరబడి నిలిచి ఊపిరి స్తంభిస్తుంది. ముందుగా తెలిస్తే ప్రమాదం తప్పుతుంది.

ఇది మనకెందుకు పట్టాలి? మన పెద్దలు కొద్దికొద్ది కుటుంబాలుగా తరలివచ్చి ఈ నల్లరేగడి నేలలో పాతుకున్నవారు. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్ వాసి కి. రాజనారాయణన్ గారు ‘గోపల్ల గ్రామం’ నవలకు ఆ వలసనే వస్తువుగా తీసుకున్నారు. వచ్చినవారు తమ కులంలోనే, తరచు మేనరికంలోనే సంబంధాలు కలుపుకొన్నారు. మన సమూహాలన్నీ ఆ జాబితాలో ఉన్నాయని నేననటం లేదు. అడిగి తెలుసుకొనవలసిన కారణం మాత్రం మనకున్నదని అంటున్నాను. మేనత్త, మేనమామ బిడ్డలు పెళ్లాడితే పుట్టే బిడ్డకు పదహారింట ఒక వంతు జన్యువులు రెండు వైపులనుండీ ఒకే ప్రతిగా అందవచ్చు. మేనమామ అక్క కూతురిని పెళ్లాడితే అది ఎనిమిదింట ఒక వంతు. ఇంటిపేరు వేరైతే చాలునని సంబంధం చూసేటప్పుడు మనం అనుకుంటాము. ఇంటిపేరు తండ్రి వైపు దారిని మాత్రమే చెబుతుంది. తల్లుల వైపు కలిసిన నెత్తురును చెప్పదు.

ఇక్కడే నుడి అక్కరకు వస్తుంది. గాయమైతే రక్తం గడ్డకట్టని హిమోఫిలియా తల్లి ద్వారా కొడుకుకు సంక్రమిస్తుంది. అందువలన మేనమామకు ఆ జబ్బు ఉన్నదా అన్నది కీలకం. బాబాయికి ఉంటే ఆ అర్థం రాదు. తెలుగులోనూ తమిళంలోనూ ఇద్దరికీ వేర్వేరు పేర్లున్నాయి. ఇంగ్లీషు కేసుషీటులో ఇద్దరూ ‘అంకుల్’ అయిపోతారు. అలాగే దస్త్రాలలో మనకు మిగిలింది తండ్రి పేరు మొదటి అక్షరం. ఇంటిపేరు పెళ్లిపందిట్లో మాత్రమే వినబడుతున్నది.

తమిళం మనకు పరాయిది కాదు. తమిళ వైద్యుడు మనకు విరోధి కాడు. కానీ పరిశోధనకు రక్తం ఇచ్చే మనిషికి తనకు అర్థమయ్యే నుడిలో వివరించి సమ్మతి పొందాలని భారతీయ వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. 2025 జనవరిలో 83 సమూహాల, దాదాపు పదివేల మంది జన్యు సమాచారాన్ని దేశం పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చింది. ఇచ్చిన వారికి ఫలితం తిరిగి చెప్పే బాధ్యత కూడా అంతే పెద్దది.

కాబట్టి నేను కోరేవి మూడు. తెలుగువారు ఎక్కువగా ఉన్న తాలూకాలలో సమ్మతిపత్రాన్ని తెలుగులోనూ చదివి వినిపించాలి. వైద్యంలో పైచదువులు చదువుతున్న మన పిల్లలు తమ వ్యాసాల సారాన్ని ఇంటి తెలుగులో రెండు పుటలు రాసి ఊరికి వినిపించాలి. లిపి రానివారికి వినికిడే చదువు. ఇక ప్రతి ఇల్లూ మూడు తరాల బంధువృక్షాన్ని ఇంటిపేర్లతో, వరుసలతో, జబ్బులతో, చిన్ననాట పోయిన బిడ్డలతో సహా రాసి పెట్టుకోవాలి. పెళ్లి మాటలకు ముందు దానిని వైద్యునికి చూపించండి.

అవ్వలు ఉండగానే ఆ పని మొదలుపెట్టండి. వారికి తెలిసినంత వరుసలు ఏ ఆసుపత్రి దస్త్రంలోనూ లేవు.