మీ స్ఫూర్తి, మా కూలి (బొమ్మల బతుకు – 6)



మొన్న ఓ కాలేజీల ఫైన్ ఆర్ట్స్ పిల్లలతోని మాట్లాడటానికి పోతే గంటల అరగంట ఒక్క ప్రశ్న చుట్టే తిరిగింది: "అక్కా, మీరు డిజిటల్ బొమ్మలు గీస్తరు కదా, మీకు ఇన్‌స్పిరేషన్ ఎక్కడి నుంచి వస్తది?"

ఈ ప్రశ్న వింటే నాకు కోపం వస్తది. అడిగిన పిల్లల మీద కాదు, ప్రశ్న మీద. ఎందుకో చెప్త. కొంచెం పొడుగైతది, ఓపిక పట్టుండ్రి.

సంతోష్‌నగర్‌ల మా గల్లీ దాటి ఐ.ఎస్.సదన్ దిక్కు నడిస్తే ఫ్లెక్సీ షాపులు కనపడతయి. డిగ్రీ చదువుకుంటనే నేను అట్లాంటి ఒక షాపుల పనిచేసిన. పేజ్‌మేకర్, కోరల్‌డ్రా, ఫోటోషాప్, అను ఫాంట్లు అన్నీ అక్కడ నేర్చుకున్నయే. పొద్దున బర్త్‌డే బ్యానర్, మధ్యాహ్నం జల్సా పోస్టర్, సాయంత్రం బోనాలకు లీడర్ల ఫోటోలు గుండ్రంగ కోసి వరుసగ పెట్టుడు. ఏప్రిల్ 14 దగ్గరికొస్తే బాబాసాహెబ్ కోటుకు నీలి రంగు సరిజేసుడు. ఆ షాపుల కూసున్న పిల్లలు దినానికి పదిహేను డిజైన్లు తీస్తరు. వాళ్లను ఇన్నేండ్లల్ల ఒక్కడన్న అడిగిండా, నీకు ఇన్‌స్పిరేషన్ ఎక్కడిదని? "అర్జెంట్, ఎంతసేపు?" అని అడుగుతరు. జూబ్లీహిల్స్ కేఫ్‌ల ఐప్యాడ్ మీద పెన్ను పట్టుకుంటే ఇల్లస్ట్రేటర్. ఐ.ఎస్.సదన్ చౌరస్తాల మౌస్ పట్టుకుంటే డీటీపీ పిల్లగాడు. సాఫ్ట్‌వేర్ ఒక్కటే. తేడా ఏడుందో వేరే చెప్పాల్నా?

మా నాయిన ఇండ్లకు రంగులేసే మేస్త్రీ. లప్పం పెట్టుడు, పట్టీ కాయితంతోని రుద్దుడు, ప్రైమర్, మీద రెండు కోట్లు. షేడ్ కార్డు అక్కర్లేకుంట తెల్ల డిస్టెంపర్ల స్టెయినర్ చుక్కలు కలిపి, చెయ్యి వెనక రాసుకొని, ఆరినంక ఏ రంగు అయితదో ముందే చెప్తడు. తడి రంగు వేరు, ఎండిన రంగు వేరు అని నాకు ఫస్టు చెప్పింది ఆయననే. ఇప్పుడు స్క్రీన్ మీద చూసిన రంగు ప్రింటుల చచ్చిపోతదని కాలేజీలల్ల ఒక సెమిస్టర్ చెప్తరు. మా ఇంట్ల అది అన్నం తినుకుంట చెప్పిన ముచ్చట. ఆయనను ఎవరన్న కలరిస్ట్ అన్నరా? "మేస్త్రీ, రోజుకెంత?" అంతే.

ఇగ మా ఓల్డ్ సిటీ సంగతి. ఛత్తా బజార్‌ల పెండ్లి కార్డుల దుకాణాలు తెలుసు కదా. అక్కడ కాతిబ్‌లని ఉండేటోళ్లు, ఖలంతోని నస్తాలీఖ్ రాసేటోళ్లు. ఖలం మొన కొంచెం వంచితే గీత లావు అయితది, ఇంకొంచెం తిప్పితే వెంట్రుక అంత సన్నగ అయితది. నా బొమ్మలల్ల గీత ఉబ్బి సన్నబడుతదే, చాలామంది "మీ స్టైల్" అంటరే, అది ఆ దుకాణాల ముంగట నిలబడి చూసి చూసి నా చేతికి వచ్చింది. కంప్యూటర్ల ఇన్‌పేజ్ వచ్చినంక ఆ చేతులకు పని పోయింది. ఇప్పుడు అదే రాతను "హైదరాబాదీ వింటేజ్" అని టీషర్టుల మీద అమ్ముతున్నరు.

గందుకే అంటున్న: స్ఫూర్తికి ఎన్నడు కరువు లేదు. మా వాడలల్ల, మా గల్లీలల్ల అది కుప్పలు కుప్పలు పడి ఉంటది. కరువల్ల బల్లకు, కుర్సీకి, కరెంటుకు, ఒక అర్రకు, చేసిన పనికి పైసలకు, పైసలతో పాటు పేరుకు. "మూడ్ వచ్చినప్పుడు గీస్త" అనేటోని ఇంటి కిరాయి ఎవరు కడుతున్నరో ఫస్టు కనుక్కోండ్రి.

రెండేండ్ల కింద ఒక పిల్లల పుస్తకాల సంస్థ పని ఇచ్చింది. ఊరి కథ, పన్నెండు బొమ్మలు. నేను ఒక పిల్లను గీసిన. నల్లగ, నూనె పెట్టి దువ్విన రెండు జడలు, అన్న సైకిలు తొక్కుకుంట బడికి పోతున్నది. మా మేనకోడలు అట్లనే ఉంటది. మెయిల్ వచ్చింది: పిల్ల "అందరికీ దగ్గరగా" లేదంట, కొంచెం తెల్లగ చెయ్యమని రంగు నంబర్ సుత పంపిండ్రు. మార్చిన్నా లేదా అన్నది పక్కన పెట్టుండ్రి, పని పోయింది. ఆరు నెలలకు అదే సంస్థ మళ్ల ఫోన్ చేసింది. ఈసారి "దళిత్ స్టోరీ", మీరైతేనే న్యాయం చేస్తరన్నరు. సేమ్ పిల్లను గీసి పంపిన. ఈసారి బాధ ఏంటిదంటే పిల్ల నవ్వుతున్నదంట! గుడిసె లేదంట, కన్నీళ్లు లేవంట, సైకిలు ఎందుకంట!

అర్థమైందా? వాళ్ల పుస్తకంల మనం ఉండొద్దు. మన పుస్తకంల మనం నవ్వొద్దు.

ఈ కండ్లు ఎక్కడ తయారైనయి? చిన్నప్పటి నుంచి చూసిన బొమ్మలల్ల. చందమామ పేజీలల్ల రాక్షసుల ఒంటి రంగు ఏంది, రాకుమారి ఒంటి రంగు ఏంది? 1967ల మొదలైన అమర్ చిత్ర కథల అసురులను ఎట్ల గీసిండ్రు? "బాపు బొమ్మ లెక్క ఉంది" అని తెలుగోళ్లు పెండ్లి చూపులల్ల పొగుడుతరు. బాపు గీత గొప్పది, దాంట్ల నాకు పేచీ లేదు, ఆ ఒక్క గీతల నడుము తిరిగే తీరును నేను సుత దినాలకు దినాలు ప్రాక్టీసు చేసిన. కాని ఆ పొడుగు జడ, ఆ ముగ్గు వాకిలి, ఆ తులసి కోట ఎవరింటియి? నాట్లేసి నడుము ఒంగిన ఆడిమనిషి ఎన్నడన్న తెలుగు అందానికి కొలత అయ్యిందా?

ఇప్పుడు ఆ కండ్లే మెషీన్లకు ఎక్కినయి. 2025 అక్టోబర్‌ల ఎంఐటీ టెక్నాలజీ రివ్యూ ఓపెన్‌ఏఐ వాళ్ల చాట్‌జీపీటీ, సోరా మీద ఒక పరిశోధన అచ్చేసింది. "దళితుల పని" గీయమంటే సోరా నల్లటి మనిషి చేతికి చీపురిచ్చింది, లేకుంటే మ్యాన్‌హోల్‌ల దించింది. "బ్రాహ్మల పని" అంటే తెల్లటి పూజారి. "దళితుల ఇల్లు" అంటే గడ్డి గుడిసె. "దళితుల ప్రవర్తన" అంటే వచ్చిన బొమ్మలల్ల కొన్ని కుక్కలయి. మెషీన్‌కు మనువు ఎవరో తెల్వది. మనం ఇంటర్నెట్‌కు ఏం పెట్టినమో దానికి అదే తెలుసు. మనోళ్ల బొమ్మ మనం గీసి పెట్టకపోతే ఎవరు గీసిందో అదే నిజమైతది. ఇన్‌స్పిరేషన్ కావాల్నంటే ఇదొక్కటి చాలు, రాత్రి నిద్ర పట్టదు.

ఇగ ఫస్టు నుంచి నేను చెప్పాలనుకున్న ముచ్చటకు వస్త. ఇన్‌స్పిరేషన్ అనే మాట ఒక రసీదు లెక్క. ఆ మాట అన్నంక ఇంక పైసలు ఇయ్యనక్కర లేదు.

2025 జూన్‌ల ఇటలీ కంపెనీ ప్రాడా మిలాన్ ఫ్యాషన్ షోల కొల్హాపురి చెప్పులు నడిపించింది. "తోలు చెప్పులు" అని రాసిండ్రు తప్ప కొల్హాపూర్ పేరు లేదు. 2019లనే మహారాష్ట్ర, కర్ణాటకల పేరు మీద జీఐ గుర్తింపు ఉన్న చెప్పులవి. లొల్లి అయినంక కంపెనీ ఒప్పుకున్నది: భారతదేశపు సంప్రదాయ చెప్పుల నుంచి "స్ఫూర్తి పొందినం" అని. చూసిండ్రా ఆ మాట ఎక్కడ అక్కరకు వచ్చిందో? తరతరాలుగ ఆ తోలు నానబెట్టి, ఆ వాసనకే అంటరానోళ్లు అనిపించుకున్న చమార్ల చేతులు "సంప్రదాయం" అయినయి. ప్రాడా "డిజైనర్" అయ్యింది.

ఇటలీ దాక ఎందుకు, మన తెలంగాణనే చూద్దాం. చేర్యాల పటం అంటే ఇప్పుడు డ్రాయింగ్ రూముల వేలాడే ఎర్ర బొమ్మ. అసలు ఆ పటాలు కులకథలు చెప్పేటోళ్ల కోసం నకాషీలు గీసినయి. బట్టకు గంజి, సుద్ద, చింతగింజల అంబలి పూసి, దాని మీద ఎర్ర నేల పరిచి, గజాల కొద్ది కథ. మాదిగోళ్లకు జాంబపురాణం చెప్పే డక్కలోళ్లు పటం విప్పి, ఒక్కొక్క అంకం చూపించుకుంట రాత్రంత పాడేటోళ్లు. లోకం పుట్టకముందే పుట్టిన జాంబవుని కథ అది. మేమే ఫస్టు పుట్టినోళ్లం అని చెప్పే కథ. నేను ఫోన్ స్క్రీన్ మీద ఒకదాని కింద ఒకటి వచ్చేటట్టు పొడుగు కామిక్ గీస్త కదా, దాన్ని "వెబ్‌టూన్ ఫార్మాట్, కొరియన్ ఇన్‌స్పిరేషన్" అంటరు. పైనుంచి కిందికి విప్పుకుంట కథ చెప్పుడు మాకు కొరియా నేర్పాల్నా?

ఆ డక్కలి వాళ్లల్ల కిన్నెర మొగిలయ్య ఉన్నడు. 2021ల భీమ్లా నాయక్ పాటతోని ఆయన గొంతు ప్రతి ఫోన్‌ల మోగింది. 2022ల పద్మశ్రీ. 2024 మేల ఆయన తుర్కయాంజాల్ దగ్గర కట్టుబడి పనిల దినం కూలి చేస్తున్నడని పత్రికలల్ల వచ్చింది. నెలనెల వచ్చే గౌరవ వేతనం ఆగిపోయిందని చెప్పిండు. తుర్కయాంజాల్ మా సంతోష్‌నగర్ నుంచి సాగర్ రోడ్డు పట్టుకొని పోతే వచ్చే ఊరే. ఎంతమందికి ఇన్‌స్పిరేషన్ ఇచ్చిండో లెక్కలేదు. ఇటుకలు మోసింది మాత్రం ఆయన ఒక్కడే.

"కళకు కులం లేదు, అందరం అందరి దగ్గర తీసుకుంటం" అంటరు. తీసుకుంటం, నేను సుత తీసుకున్న. 2011ల వచ్చిన భీమాయణ చూసే, బాబాసాహెబ్ జీవితాన్ని డబ్బాలల్ల పెట్టకుంట చెప్పొచ్చని తెలుసుకున్న. దాన్ని గీసింది గోండు పరధాన్ కళాకారులు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్. వాళ్ల పేర్లు కవర్ మీద ఉన్నయి, అందుకే ఇయ్యాల నేను ఆ పేర్లు చెప్పగల్గుతున్న. తీసుకునుడు తప్పని నేను అంటలేను. పేరు చెరిపి, కూలి ఎగ్గొట్టి తీసుకునుడును అంటున్న.

మన తెలుగోడు ఉన్నమతి శ్యామసుందర్ చేసిన పని చూడుండ్రి. 2012ల ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి పుస్తకంల శంకర్ 1949ల గీసిన కార్టూన్ మీద పార్లమెంటుల గొడవైంది. నత్త మీద అంబేద్కర్, వెనక కొరడా పట్టిన నెహ్రూ. అప్పుడు ఎంతమంది మేధావులు మనకు హాస్యం తెల్వదన్నరో గుర్తుందా? శ్యామసుందర్ పాత ఇంగ్లీషు పత్రికలన్నీ తవ్వి, 1932 నుంచి 1956 దాక బాబాసాహెబ్ మీద గీసిన వందకు పైగ కార్టూన్లు ఒక్క దగ్గర పెట్టిండు. 2019ల "నో లాఫింగ్ మ్యాటర్" అని పుస్తకం వచ్చింది. పొట్టిగ, పిల్లగానిలెక్క, ఆడమనిషి లెక్క, అంత గొప్ప చదువుకున్నాయనను ఎట్ల గీసిండ్రో వరుసగ చూస్తే నవ్వు ఎవరిది, ఏడుపు ఎవరిదో తెలుస్తది. ఆయన సుత కార్టూనిస్టే. మూడ్ కోసం కూసోలేదు, ఆర్కైవ్‌ల కూసున్నడు.

ఇంకొకటి. 2016 జనవరిల హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ హాస్టల్ నుంచి వెలేసిన అయిదుగురు విద్యార్థులు షాప్‌కామ్ దగ్గర వెలివాడ కట్టిండ్రు. ఆ వాడకు గోడలు ఏంటియి? అంబేద్కర్, సావిత్రిబాయి బొమ్మలున్న ఫ్లెక్సీలు. రోహిత్ చేతిల బాబాసాహెబ్ పటం పట్టుకొని నడిచిన ఫోటో దేశమంత చూసింది. ఆ ఫ్లెక్సీలు కూడా ఏదో ఒక షాపుల, ఏదో ఒక డీటీపీ పిల్లగాడు కంపోజ్ చేసినయే కదా. వాని పని ఇల్లయ్యింది. ఇంతకన్న గొప్ప ఇన్‌స్టలేషన్ ఏ బినాలేల చూసిండ్రు?

ఇగ మనోళ్లకు సుత రెండు మాటలు. "అక్కా, రేపు మీటింగ్, రాత్రికల్ల ఒక పోస్టర్" అని ఫోన్ వస్తది. సౌండ్ సిస్టమ్‌కు పైసలుంటయి, శాలువలకు ఉంటయి. పోస్టర్‌కు మాత్రం "ఉద్యమం కదా అక్కా". 1920ల మూక్‌నాయక్ పెట్టినప్పుడు సాహు మహారాజు 2,500 రూపాయలు ఇచ్చిండు. ప్రెస్సు ఉత్తగ నడవదని బాబాసాహెబ్‌కు తెలుసు. మీకెందుకు తెల్వది?

గీసే పిల్లలు మాత్రం ఇది రాసి పెట్టుకోండ్రి. 1957 కాపీరైట్ చట్టం, సెక్షన్ 17: పైసలిచ్చి గీయించుకున్న పెయింటింగ్‌కు, వేరే ఒప్పందం లేకుంటే, గీయించుకున్నోళ్లే ఓనర్లయితరు. కాబట్టి పని మొదలు పెట్టకముందే కాయితం మీద రాసుకోండ్రి. సెక్షన్ 19: హక్కులు రాసిచ్చినా ఎన్నేండ్లో రాయకపోతే అయిదేండ్లే, ఎక్కడో రాయకపోతే ఇండియాలనే. సెక్షన్ 57: హక్కులన్నీ అమ్ముకున్నా సరే, ఇది నేను గీసిన అని చెప్పుకునే హక్కు మీతోనే ఉంటది. సంతకం చిన్నగ మూలకు పెట్టకుండ్రి, క్రాప్ చేస్తరు. బొమ్మ లోపల పెట్టుండ్రి, చీర అంచుల, సైకిలు చక్రంల.

ఆ సైకిలు పిల్ల బొమ్మలు పన్నెండు నా దగ్గరనే ఉన్నయి. నవ్వుకుంటనే ఉంది. ఈసారి నేనే అచ్చేపిస్తున్న, నాయిన రంగులు చూస్తున్నడు. ఏడో భాగంల ప్రింటింగ్ ఖర్చుల లెక్క పెడత.