ఎడిట్ బటన్ ఒక్కటే చాలదు, డౌన్‌లోడ్ బటన్ కూడా కావాలి

ఫోన్‌లో మ్యాప్ యాప్ ఓపెన్ చేస్తే "ఈ షాపు ఇంకా ఉందా?", "ఇక్కడ పార్కింగ్ ఉందా?" అని అడుగుతుంటుంది. మనం ఒక్క ట్యాప్‌తో జవాబిచ్చేస్తాం. ఆ ట్యాప్ ఎక్కడో ఒక డేటాబేస్‌లో చేరుతుంది. మరి ఆ డేటా ఎవరిది? యూజర్లే నింపే సైట్ ఏదైనా సరే, ముందు అడగాల్సిన ప్రశ్న ఇదేనని నా అభిప్రాయం.

ఎందుకో చెప్తాను. 1990ల్లో పీసీలో ఆడియో సీడీ పెడితే ట్రాక్ 1, ట్రాక్ 2 అనే కనిపించేది. చాలా సీడీల్లో పాటల పేర్లే ఉండేవి కావు. అప్పుడు సీడీడీబీ అనే ఆన్‌లైన్ డేటాబేస్ వచ్చింది. జనమే ఓపిగ్గా పాటల పేర్లు టైప్ చేసి పంపేవాళ్లు. 1998లో అది ఒక కంపెనీ చేతికి వెళ్లింది, తర్వాత గ్రేస్‌నోట్‌గా మారింది. 2001 కల్లా లైసెన్స్ ఉన్న సాఫ్ట్‌వేర్‌కే తలుపులు తెరిచింది. టైప్ చేసింది జనం, తాళం వేసింది కంపెనీ! ఆ మంట నుంచే ఫ్రీడీబీ, మ్యూజిక్‌బ్రెయిన్జ్ లాంటివి పుట్టాయి.

ఇప్పుడు ఫ్రీబేస్ సంగతి చూడండి. అది కూడా జనం ఎడిట్ చేసే డేటాబేసే. 2010లో గూగుల్ కొన్నది, 2016లో మూసేసింది. కానీ ఆ డేటా మొత్తం ఓపెన్ లైసెన్స్‌తో డౌన్‌లోడ్‌కి ఉండేది. అందుకే అందులో కొంత వికీడేటాలోకి చేరగలిగింది. సైట్ పోయినా శ్రమ అంతా బూడిదలో పోసిన పన్నీరు కాలేదు.

సరైన డిజైన్ ఎలా ఉంటుందో చూడాలంటే 2004లో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ చూస్తే చాలు. వెనకాల ఉన్నది మనం కాలేజీలో చదివిన పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ డేటాబేసే. తేడా ఎక్కడంటే, కొత్త ట్యాగ్ కావాలంటే అడ్మిన్ కొత్త కాలమ్ పెట్టేదాకా ఆగక్కర్లేదు, యూజరే కలిపేయొచ్చు. ఊరి పేరు తెలుగులో రాయడానికి కూడా ట్యాగ్ ఉంది. ప్రతి మార్పుకీ వెర్షన్ నంబర్ ఉంటుంది. అన్నిటికన్నా ముఖ్యం, ప్రపంచం మ్యాప్ డేటా మొత్తం ఎవరైనా దించుకోవచ్చు. ఆర్గానిక్ మ్యాప్స్, ఓస్మాండ్ లాంటి ఆఫ్‌లైన్ యాప్‌లు నడిచేది ఆ డేటాతోనే.

"ఎవరు పడితే వాళ్లు ఎడిట్ చేస్తే చెత్త చేరదా?" అంటారేమో. చేరుతుంది. ఒకే వస్తువుకి నలుగురు నాలుగు ట్యాగులు పెడతారు, కొందరు కావాలనే పాడు చేస్తారు. కానీ హిస్టరీ ఉంటే పాత వెర్షన్ వెనక్కి తేవచ్చు. చెత్తని శుభ్రం చేయొచ్చు, తాళం పడ్డ డేటాని మాత్రం మనం ఏమీ చేయలేం.

కాబట్టి మీరు ఇలాంటి సైట్ కడుతుంటే, లాగిన్ పేజీ కంటే ముందు లైసెన్స్ తేల్చుకోండి. మొదటి రోజు నుంచే హిస్టరీ టేబుల్, మొత్తం డేటా దించుకునే లింక్ పెట్టండి. యూజర్లు పెరిగాక చూద్దాంలే అంటే అది ఎప్పటికీ జరగదు.

యూజర్ అయితే, మీరు ఇచ్చే జవాబులు రేపు మీకే దొరుకుతాయో లేదో చూసుకోండి. ఆండ్రాయిడ్‌లో స్ట్రీట్‌కంప్లీట్ యాప్ కూడా అవే చిన్న చిన్న ప్రశ్నలు అడుగుతుంది. కాకపోతే మీ జవాబు నేరుగా ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లోకి, అంటే అందరి చేతుల్లోకి వెళ్తుంది. ట్యాప్ ఎలాగూ చేస్తాం కదా, తాళం లేని చోటే చేద్దాం.