గాలిమోటరు పాతదా, కొత్తదా? అగ్గువ లెక్క వేరే ఉన్నది

మా చిన్నమ్మ కొడుకు పైలట్ అయితనంటున్నడు. ఇంటర్ల మ్యాథ్స్, ఫిజిక్స్ చదివిండు, మెడికల్ టెస్టు గూడ పాసైండు. రోడ్డు పొంటి ఉన్న ఎకరంన్నర అమ్మి, మిగిలింది బ్యాంకు లోన్ తీస్తనని మా చిన్నాయన తయారైండు. మొన్న తమ్ముడు రెండు ఫ్లయింగ్ స్కూళ్ల కాగితాలు తెచ్చి నా ముందట వెట్టి, "అన్నా, రెండిట్ల ఏది అగ్గువనో చెప్పు" అన్నడు. ఒకదాంట్ల రెండింజన్ల విమానం పాత పైపర్ సెనెకా, గంట రేటు తక్కువ. ఇంకోదాంట్ల కొత్త డైమండ్ డీఏ 42, గంట రేటు ఎక్కువ. పాతది అగ్గువ గదా అని నోటిదాక వచ్చింది. ఆగి లెక్కేసిన. మీ ఇంట్ల గూడ గిసొంటి ముచ్చట నడుస్తుంటే జర సదవుండ్రి.

మన దేశంల కమర్షియల్ పైలట్ లైసెన్స్ కావాల్నంటే 200 గంటలు ఎగరాలె. గండ్ల ఎక్కువ భాగం సెస్నా 172 అసొంటి ఒక్క ఇంజన్ విమానం మీదనే. మామూలుగ ఆఖర్ల 15 గంటలు రెండింజన్ల దాని మీద ఉంటయ్. ఎయిర్‌లైన్ల నడిచే ఎయిర్‌బస్ 320 అయినా, ఏటీఆర్ అయినా రెండింజన్లయే. అందుకే మల్టీ ఇంజన్ రేటింగ్ లేకుంటే నౌకరి దిక్కు చూసుడు కష్టం. కోర్సు మొత్తంల గంటకు అన్నిటికన్న పిరమైనయ్ ఈ 15 గంటలే.

ముందుగాల పాతదాని సంగతి. సెనెకా 1971ల వచ్చిన అమెరికా మోడల్. రెండు ఇంజన్లు, ఒక్కోటి 200 హార్స్ పవర్ దాక. తాగేది ఏవీగ్యాస్, అంటే విమానాల కోసం చేసే సీసం కలిపిన పెట్రోల్. గంటకు దగ్గరదగ్గర 80 లీటర్లు గుంజుతది. ఈ పెట్రోల్ మన దేశం చానా ఏండ్లు బయటికెల్లి కొనుక్కున్నది. 2022 సెప్టెంబర్‌ల ఇండియన్ ఆయిల్ సొంతంగ తయారుచేసుడు మొదలువెట్టింది, వడోదర రిఫైనరీల చేస్తున్నరు. అయినా వాడేటోళ్లు కొద్దిమందే, అందుకే జెట్ ఇంధనం కన్న పిరం. పాత బాడీ గనుక తుప్పు, పగుళ్లు చూస్తనే ఉండాలె. పార్టు పోతే దూరదేశం నుంచి రావాలె. కని ఒక సుఖమున్నది. సెకండ్ హ్యాండ్‌ల కొంటరు గనుక స్కూలు మీద అప్పు తక్కువ. మెకానిక్కులకు తెలిసిన ఇంజన్, విప్పి మళ్ల బిగించొచ్చు. మన ఊర్ల పాత ట్రాక్టర్ లెక్క.

ఇగ కొత్తది. డీఏ 42 ఆస్ట్రియా కంపెనీది, 2004ల సర్టిఫికెట్ వచ్చింది. కారు డీజిల్ ఇంజన్‌కెల్లి తయారుచేసిన ఇంజన్లు. జెట్ ఇంధనమే పోస్తరు, గంటకు 40–45 లీటర్లతోని ఎల్లిపోతది. అంటే పాతదాంట్ల సగం. గట్లయితే గంట రేటు తక్కువుండాలె గదా? ఉండదు. కొత్తది కొనాల్నంటే పది లక్షల డాలర్ల చుట్టుపక్కల, మన పైసలల్ల 8 కోట్లకు పైమాటే. విమానం షెడ్డుల నిలవడ్డా కిస్తీ నిలవడదు. తేలుల మిగిలింది కిస్తీల, ఇన్సూరెన్సుల పోతది. అది మన బిల్లు మీదనే పడుతది.

కొత్తదైతే రందే ఉండదనుకోకుండ్రి. డీఏ 42కు మొదట్ల ఇంజన్లు చేసింది జర్మనీల టీలర్ట్ కంపెనీ. 2008ల అది దివాలా తీసింది. వారంటీలు ఉత్త కాగితాలైనయ్, పార్టుల ధరలు ఎగబాకినయ్, కొన్నోళ్లు నెత్తి పట్టుకున్నరు. తర్వాత డైమండ్ వాళ్లే తమ వేరే కంపెనీ నుంచి సొంత ఇంజన్ తెచ్చిండ్రు. ఒక్క కంపెనీ మీద ఆధారపడితే గట్ల.

నేర్చుకునుడుల గూడ తేడా ఉన్నది. సెనెకాల ఇంజన్లకు ఆరు లీవర్లు. ఒక ఇంజన్ ఆగితే ఏది ఆగిందో కనిపెట్టి, దాని ఫ్యాన్ రెక్కలు గాలికి అడ్డం రాకుంట చేత్తోనే తిప్పాలె. డీఏ 42ల రెండే లీవర్లు, చానా పని కంప్యూటరే చేస్తది. పాతదాని మీద చెయ్యి సాపయితది, కొత్తదాని మీద రేపటి కాక్‌పిట్ అలవాటైతది. దేనితోనైనా పైలట్ కావచ్చు.

మరి అసలు లెక్క ఏడున్నది? గంటకు 10 వేలు తేడా ఉన్నదనుకుందాం. 15 గంటలకు లక్షన్నర. చిన్న మొత్తం కాదు. ఇప్పుడు ఇంకో లెక్క చూడుండ్రి. 40 లక్షల లోన్, 11 శాతం వడ్డీ అనుకుంటే నెలకు 36 వేలకు పైన. రెండింజన్ల విమానం ఖరాబై నాలుగు నెలలు ఆగుమంటే, వడ్డీయే దాదాపు లక్షన్నర. అగ్గువ రేటుతోని మిగిలింది మొత్తం సాఫ్. ఇగ హాస్టల్ ఖర్చు, చెయ్యి మొద్దుబారితే మళ్ల ఎగిరే గంటలు, ఏడాదికోసారి చేయించుకునే మెడికల్ అదనం.

రైతుబిడ్డలకు ఇది చెప్పాల్సిన పనిలేదు. వాన పడ్డంక అదునుకు రాని ట్రాక్టర్ కిరాయి ఎంత తక్కువైతేంది? అదును పోయినంక ఉత్తగ దున్నినా దండుగే. కాబట్టి విమానం వయసు కన్న, నీ వంతు వచ్చినప్పుడు అది గాలిల ఉంటదా షెడ్డుల ఉంటదా అన్నదే అసలు ధర.

2025 అక్టోబర్‌ల డీజీసీఏ మొదటిసారి ఫ్లయింగ్ స్కూళ్లకు ర్యాంకులిచ్చింది. ఏ ప్లస్, ఏ గ్రేడ్ ఒక్కదానికీ రాలే. అన్నీ బీ, సీలే. అంటే రంగురంగుల బ్రోచర్ చూసి నమ్మితే మునుగుతం.

ఫీజు కట్టకముందు గివి అడుగుండ్రి. రెండింజన్లయి ఎన్ని ఉన్నయ్, పోయిన నెల ఎన్ని గంటలు ఎగిరినయ్? ఇంజన్ విప్పే టైము ఎప్పుడొస్తది? ఉన్న ఒక్కటి ఖరాబైతే ఏం చేస్తరు, పైసలు వాపస్ ఇస్తరా? తేలు ధర పెరిగితే మా మీద ఎంత వేస్తరు? జవాబులు నోటితోని కాదు, కాగితం మీద తీసుకోవాలె. రెండింజన్ల పైసలు ముందుగాలనే కట్టొద్దు, ఆ గంటలు మొదలైనప్పుడే కట్టాలె. అన్నిటికన్న ముఖ్యం, ఆఫీసుల కాదు, బయట చాయ్ హోటల్ కాడ సీనియర్లను అడుగుండ్రి: "అన్నా, ఆఖరి 15 గంటలకు నీకు ఎన్ని నెలలు పట్టింది?"

తమ్ముడు వచ్చే వారం రెండు స్కూళ్ల కాడికి పోతున్నడు. ఒక్కోకాడ రెండు దినాలుండి, ఆ విమానం ఎన్నిసార్లు లేస్తదో లెక్కవెట్టి రమ్మన్న. వాడు వచ్చేదాక భూమి మీద అడ్వాన్స్ తీసుకోవద్దని చిన్నాయనకు చెప్పిన. సరే అన్నడు.