ఒక చలిచొక్కా పేరు

మాటలును మనుష్యులవలెనే దేశాంతరములకు పోవును. మన తెలుగు పందికొక్కు ఆంగ్లేయుల నోట బాండికూట్ అయి, సముద్రము దాటి, ఆస్ట్రేలియాలో వేరొక జంతువునకు పేరైనది. పోయినచోట నొక మాటకు గౌరవము కలుగవచ్చును, అవమానమును కలుగవచ్చును. ఈ రెంటిని పొందిన యొక మాటను గూర్చి మా విద్యార్థులతో ముచ్చటింప దలచితిమి. ఆ మాట అనోరాక్.

అనోరాక్ అనగా తలముసుగుతో కూడిన చలిచొక్కా. చలిదేశములలో చదువుకొనుచున్న బిడ్డలు పంపిన ఛాయాపటములలో తల్లిదండ్రులు దీనిని చూచియే యుందురు. ఆంగ్ల నిఘంటువులలో నున్నను ఇది పుట్టుకచే ఆంగ్లపదము కాదు. గ్రీన్లాండులోని ఇన్యూట్ జనులది. వారి భాషయగు కలాల్లిసుట్‌లో దీనిని అన్నోరాక్ అందురు. అచ్చటినుండి డేనిష్ భాషకును, ఇరువదవ శతాబ్దమున ఆంగ్లమునకును వచ్చినది. ఇట్టి చొక్కాకే పార్కా అను వేరొక పేరును కలదు. అది ఉత్తర రష్యాలోని నేనెత్సు జనుల మాట. రష్యనుల వెంట అలాస్కా చేరినది. గొప్ప భాషలు చిన్న జాతులకు ఋణపడియున్నవని దీనివలన తెలియుచున్నది. గ్రీన్లాండు జనసంఖ్య సుమారు 56,000 మాత్రమే. అయినను 2009 నుండి కలాల్లిసుట్ ఆ దేశమునకు ఏకైక అధికారభాషయై యున్నది.

ఆ చొక్కాయందలి బుద్ధిని చూడుడు. పూర్వపు అనోరాక్‌కు ముందువైపున తెరపి లేదు, తలమీదుగా తొడుగుకొనవలెను. ముసుగు చొక్కాతో కలిసియే యుండును. కావున గాలి చొరదు. సీల్ అను సముద్రజంతువు తోలును స్త్రీలు స్నాయువుల దారముతో కుట్టెడివారు. కుట్టు సడలినచో వేటకు పోయినవాని ప్రాణమునకే మోసము.

ఇట్టి మాటకు 1980 తరువాత బ్రిటనులో వేరొక యర్థము పుట్టినది. రైలు స్టేషనులలో చలికి నిలిచి, ఇంజనుల సంఖ్యలను పుస్తకములలో వ్రాసికొనువారు ఈ చొక్కాలను తొడుగుకొనెడివారు. ఏదో యొక విషయమునందే మనస్సు నిలిపినవానిని ఎగతాళిగా అనోరాక్ అని పిలువసాగిరి. ప్రాణము కాచిన వస్తువు పేరు శ్రద్ధగలవానిని గేలిచేయు మాటయైనది! ఇది మాకు న్యాయముగా తోచదు.

ఈ సంగతి యేల చెప్పుచున్నామనగా, ఈ యేడు మా తరగతిలో ఒక బాలుడు ఆకులను ఏరి, పుస్తకమున అంటించి, క్రింద పేర్లు వ్రాయుచుండెను. తోడివారు వానికి "మేక" అని పేరు పెట్టిరి. మేమును నవ్వితిమి. వారము తిరుగకముందే వాడు ఆ పుస్తకమును తెచ్చుట మానెను. అప్పుడు మా నవ్వు మాకే ముల్లై గుచ్చుకొన్నది.

పిల్లల పరిహాసమున దోషమేమి యని కొందరు అడుగవచ్చును. బ్రిటనులో కొందరు తమ్ము తామే అనోరాక్ అని చెప్పికొని నవ్వుకొందురు. అందు దోషము లేదు. తాను పెట్టుకొన్న పేరు వేరు, పదిమంది కలిసి ఒకనిపై విసరిన పేరు వేరు. ఒక్క విషయమును విడువక పట్టినవారివలననే విద్య వృద్ధియగును.

కావున విద్యార్థులారా, ఎవనికైనను పేరు పెట్టుటకు ముందు, ఆ మాట వానికి చలి కాచునదో, చలి పెట్టునదో యోచింపుడు. ఉపాధ్యాయులమైన మేమును యోచింతుము. ఆ బాలుని పుస్తకమును మరల తెమ్మని మేమే అడిగితిమి. ఇప్పుడందు నలువది యాకులున్నవి.