కంటిలో కనబడిన తలనొప్పి



"తలనొప్పి, బడికి రాలేను" అని ఎవరైనా అంటే మనకు ముందు నవ్వు వస్తుంది. నేనూ ఒకప్పుడు అలాగే నవ్వాను.

కరీంనగర్ జిల్లాలో నేను పనిచేసిన ఒక పల్లె బడిలో ఏడవ తరగతి కుర్రవాడు ఉండేవాడు. వాడికి రోజూ పొద్దున్నే తలనొప్పి, వాంతి. మధ్యాహ్నానికి తగ్గేది. "లెక్కల గంట దాటగానే నొప్పి పోతుందేమిరా?" అని అందరిలో ఎగతాళి చేశాను. ఒకనాడు వాడు, "సార్, వంగి లేస్తే బోర్డు జరసేపు నల్లగైతుంది" అన్నాడు. నాకు భయం వేసింది. వాళ్ల బాపును పిలిపించి, కరీంనగర్‌లో కంటి డాక్టరుకు చూపించాము.

డాక్టరుగారు కంట్లో చుక్కల మందు వేసి, చిన్న దీపమున్న పరికరంతో లోపలికి చూచారు. "వీడికి కావలసింది కళ్లజోడు కాదు. ఇవాళే హైదరాబాదు తీసుకుపోండి" అన్నారు.

కంట్లో చూచి తలలోని జబ్బు ఎలా కనిపెట్టారు?

పుర్రె ఎముకల పెట్టె. అందులో మెదడు, రక్తము, మెదడు చుట్టూ తిరిగే నీరు ఉంటాయి. పెద్దవారిలో ఆ నీరు సుమారు 150 మిల్లీలీటర్లు. రోజుకు సుమారు 500 మిల్లీలీటర్లు కొత్తగా ఊరుతుంది. అంతా మళ్లీ రక్తంలో కలిసిపోతుంది. ఆ దారి మూసుకుపోయినా, లోపల గడ్డ పెరిగినా, పెట్టె సాగదు కనుక ఒత్తిడి పెరుగుతుంది. పడుకుంటే మరీ ఎక్కువ. అందుకే నొప్పి పొద్దున్నే వస్తుంది.

సైకిలు బ్రేకు తీగకు తొడుగు ఉన్నట్లే కంటి నరానికీ తొడుగు ఉన్నది. అందులో ఉండేదీ మెదడు చుట్టూ ఉన్న నీరే. తలలోని ఒత్తిడి ఆ తొడుగు వెంట కంటి వెనుకకు చేరుతుంది. అక్కడ నరము బయలుదేరే చోట ఒకటిన్నర మిల్లీమీటర్ల గుండ్రని బిళ్ళ ఉబ్బుతుంది. దీనిని పాపిలెడీమా అంటారు. కంటి లోపలికి చూచే పరికరాన్ని 1851లో జర్మనీకి చెందిన హెల్మ్‌హోల్ట్జ్ లోకానికి తెలిపాడు. 1860లో గ్రేఫె అనే వైద్యుడు ఈ వాపుకూ మెదడు జబ్బుకూ గల సంబంధాన్ని వివరించాడు.

మా కుర్రవాడికి నీటిదారి మూసుకుపోయిందని స్కాన్‌లో తేలింది. సన్నని గొట్టం అమర్చి, నీటిని పొట్టలోకి మళ్లించారు. ప్రాణం దక్కింది. కాని ఒక కంటిచూపు కొంత తగ్గింది. పది రోజులు ముందుగా తీసుకువెళ్లి ఉంటే అదీ నిలిచేదేమో!

బాలలూ, తలనొప్పులన్నీ ఇటువంటివి కావు. నిద్ర చాలకా, ఎండలో తిరిగీ వచ్చేవే ఎక్కువ. కాని పొద్దున్నే నొప్పి, వాంతులు, చూపు నల్లబడటం, ఒకటి రెండుగా కనబడటం ఉంటే దాచకండి. వెంటనే ఇంట్లో చెప్పండి. తల్లిదండ్రులారా, ఆలస్యం చేయకండి. ఇప్పుడు ఆదిలాబాదులో రిమ్స్ ఉన్నది, ముధోల్‌లో ఎల్.వి.ప్రసాద్ వారి కంటి ఆసుపత్రి ఉన్నది. "కంటి వెనుక నరం చూడండి" అని అడగండి.

ఇక తోటివాడు తలనొప్పి అంటే నవ్వకండి. "ఎప్పటి నుంచిరా?" అని అడగండి.