హైబ్రిడ్ దిగి రోడ్ బైక్ ఎక్కే ముందు

విశాఖ బీచ్ రోడ్డులో తెల్లారేసరికి భీమిలి వైపు సైకిళ్లు బయల్దేరతాయి. హైబ్రిడ్ మీదున్నవాళ్లూ, రోడ్ బైక్ మీదున్నవాళ్లూ కబుర్లాడుకుంటూ ఒకే గుంపుగా సాగుతారు. సముద్రం మీది గాలి ఎదురు తిరిగిందా, గుంపు రెండుగా చీలిపోతుంది. హైబ్రిడ్ మీద నిటారుగా కూర్చున్నవాళ్లు వెనకబడతారు.

హైబ్రిడ్ తొక్కడం అలవాటయ్యాక చాలామందికి రోడ్ బైక్ మీదికి మనసు పోతుంది. కొట్లోకి వెళ్లగానే అడిగేది బరువెంతనే. హైబ్రిడ్ 13, 14 కిలోలుంటే, తక్కువ ధరలో దొరికే రోడ్ బైక్ 10, 11 కిలోలుంటుంది. ఆ మూడు కిలోల తేడా అనంతగిరి కొండల ఎక్కుడులో బాగానే తెలుస్తుంది. చదును రోడ్డు మీద అంతగా తెలియదు, అక్కడ అడ్డుపడేది గాలి. వేగాన్ని గంటకు 20 నుంచి 25 కిలోమీటర్లకు పెంచితే గాలిని చీల్చడానికి కావలసిన శక్తి దాదాపు రెట్టింపవుతుంది. ఆ గాలికి ఎక్కువగా అడ్డుగా నిలిచేది తొక్కే మనిషి ఒళ్లే. అంటే అదనంగా పెట్టే డబ్బంతా ప్రధానంగా వంగి కూర్చునే వీలు కోసమే.

చేతుల సంగతి ఇంకా ముఖ్యం. హైబ్రిడ్‌లోని తిన్నని హ్యాండిల్‌ను సౌకర్యంగా పట్టుకోగలిగేది ఒక్క చోటే. గంటల తరబడి తొక్కితే అరచేతులు తిమ్మిరెక్కుతాయి. డ్రాప్ హ్యాండిల్‌నైతే పైకడ్డీ మీద, బ్రేకుల దగ్గర, కింది వంపులో మార్చి మార్చి పట్టుకోవచ్చు. దూరాలు తొక్కేవారికి రోడ్ బైక్ ఇచ్చే అసలైన సుఖం ఇదే.

వేగం కోసమే మారాలనుకునేవారు ఒక లెక్క చూడాలి. బ్రెవే అంటే గడువులోగా పూర్తిచేయాల్సిన దూరపు సైకిల్ యాత్ర. 200 కిలోమీటర్ల బ్రెవేకు గడువు 13 గంటల 30 నిమిషాలు. దారిలో ఆగే సమయం కలుపుకొన్నా సగటున గంటకు 15 కిలోమీటర్ల లోపే. ఓపికున్న మనిషి హైబ్రిడ్ మీదా ఆ దూరం పూర్తిచేయగలడు.

కొనాలనే నిర్ణయించుకుంటే మొదట చూడాల్సింది ఫ్రేమ్ సైజు. ఒకే ఎత్తున్న ఇద్దరికి కాళ్ల పొడవు ఒకేలా ఉండాలని లేదు. కొలతలు తీసుకోకుండా, స్టాకులో ఉన్నదాన్నే ‘సరిపోతుంది సార్’ అని అంటగట్టే కొట్లోంచి బయటికి వచ్చేయడమే మేలు. సైజు కుదరని రోడ్ బైక్ మెడనూ నడుమునూ పీడిస్తుంది, చివరికి బాల్కనీలో దుమ్ము పట్టి ఉండిపోతుంది.

తర్వాత చూడాల్సింది టైరుకు ఫ్రేమ్‌లో ఉన్న చోటు. టూర్ ద ఫ్రాన్స్ రేసర్లు ఒకప్పుడు 23 మిల్లీమీటర్ల టైర్లు వాడేవారు, ఇప్పుడు 28కీ అంతకన్నా వెడల్పువాటికీ మారారు. వాళ్లే వెడల్పు టైర్లు కోరుకుంటుంటే, గతుకులూ స్పీడ్ బ్రేకర్లూ ఉన్న మన దారులకు 32 పట్టని ఫ్రేమ్ ఎందుకు? హైదరాబాద్ అవుటర్ రింగు రోడ్డు పక్కన 2023లో సోలార్ కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు. అలాంటి చోటికి చేరాలన్నా ముందు మామూలు రోడ్డే దాటాలి.

రోజూ ఆఫీసుకు ఏడెనిమిది కిలోమీటర్లు వెళ్లేవారికి ఈ మార్పు అవసరం లేదు. చాలా రోడ్ బైకులకు క్యారియర్ బిగించే రంధ్రాలే ఉండవు. హైబ్రిడ్‌కు సన్నని నున్నటి టైర్లు వేయించి, సీటు ఎత్తు సరిచేయించి కొన్నాళ్లు తొక్కి చూడాలి. అప్పటికీ ఆదివారం దూరాలు పిలుస్తుంటే రోడ్ బైక్ కొనుక్కోవచ్చు. పాత హైబ్రిడ్‌ను మాత్రం అమ్మేయొద్దు. వానాకాలంలో మడ్‌గార్డులతో, కూరగాయల సంచీతో బజారుకు వెళ్లడానికి అదే కావాలి.